మార్గదర్శిని గల కారు రేడియో : ఎంపిక

మోటారు వాహనము కర్మాగారమునుండి వెలువడిన పిమ్మట, దానితో వచ్చిన శ్రవణ పరికరమును తొలగించి దాని స్థానమునందో, అట్టిది లేనిచోట క్రొత్తగానో, ముందుపలకలోని గూటియందు అమర్చబడి, ప్రసారములను వినిపించుటయేగాక ఉపగ్రహ సంకేతముల సాయమున దారిని సైతము చూపునట్టి యంత్రమునకు మార్గదర్శిని గల కారు రేడియో అని పేరు. హైదరాబాదు అంగళ్లలో దీనిని ‘స్టీరియో’ అనియు, స్పర్శతెర గలదైనచో ‘ఆండ్రాయిడ్ స్టీరియో’ లేదా ‘టచ్ సిస్టమ్’ అనియు వ్యవహరింతురు. కర్మాగారమునుండి వచ్చినదానిని ‘కంపెనీ స్టీరియో’ అనుట, తరువాత వేయించుకొన్నదానిని ‘బయట ఫిట్టింగు’ అనుట ఈ వర్తకమునందలి వాడుక.

ఈ యంత్రమునందు ఆయుఃప్రమాణములు వేరైన రెండు వస్తువులు ఒకే పెట్టెలో కాపురముండును. ప్రసారమును గ్రహించు భాగము, ధ్వనిని పెంచు భాగము, తెర, తీగలు చక్కగా అమర్చబడినచో పెక్కేండ్లు పనిచేయును. దారి చూపు పటమో, రహదారి మారిన మరునాడే పాతబడును. కావున కొనువాడు ముఖ్యముగా విచారింపవలసినది తెర వెడల్పు గాదు, పటమును మార్చుకొనవలసి వచ్చినపుడు యంత్రమంతటిని మార్చుకొనవలసిన అగత్యము కలుగునా కలుగదా యన్నదే.

సంతోష్‌నగర్ : ఒక ఉదాహరణము

హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయమున, సైదాబాదు, చంపాపేట, కాంచన్‌బాగ్‌ల చెంత నున్న సంతోష్‌నగర్ (పిన్ కోడు 500059) ఈ యంత్రముల గుణదోషములను పరీక్షించుటకు మిక్కిలి తగిన స్థలము. ఇచ్చట ఐ.ఎస్. సదన్ చౌరస్తా మీదుగా సాగు రాజమార్గమును కలదు, ఎదురుగా ఆటో వచ్చినచో ఇరువురిలో నొకరు వెనుకకు జరుగక తప్పని గల్లీలును కలవు. 2021 డిసెంబరు 28న ఒవైసీ–మిధాని కూడలియందు సుమారు 1.36 కిలోమీటర్ల పైవంతెన ప్రారంభమయ్యెను. సమీపమందలి కాంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకుడుగా పనిచేసిన ఎ.పి.జె. అబ్దుల్ కలాం నామధేయమే ఆ వంతెనకు ఉంచబడినది. ఆ దినమునకు పూర్వము సిద్ధమైన పటమునందు ఈ వంతెన లేదు గనుక, అట్టి పటమును నమ్ముకొన్న యంత్రము, వంతెనమీద పోవుచున్న కారును క్రింది కూడలియందే యున్నట్లు చూపి, లేని సిగ్నలువద్ద మలుపు తిరుగుమని ఆదేశించును.

మార్పు అంతటితో ఆగలేదు. 2025 జనవరి 6న జంతు ప్రదర్శనశాలనుండి ఆరాంఘర్ వరకు నాలుగు కిలోమీటర్లకు పైబడిన మరియొక పైవంతెన తెరువబడి, పాతబస్తీనుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవువారి దారిలెక్కలను మార్చివేసెను. నల్గొండ క్రాస్‌రోడ్స్ నుండి సైదాబాదు, ఐ.ఎస్. సదన్‌ల మీదుగా ఒవైసీ కూడలి వరకు ఉక్కు వంతెన తలపెట్టబడుటతో సంతోష్‌నగర్ నడిబొడ్డునందలి పటమే తిరిగి గీయవలసినదైనది. చార్మినారు చుట్టును పూర్వము వాహనములు ప్రదక్షిణము చేసిన స్థలము నేడు పాదచారులకు విడువబడినది. పాత పటము మాత్రము కారును నేటికిని ఆ మినారుల పాదములచెంతకే కొనిపోవ జూచును.

చరిత్ర

వాహనమున రేడియో నుంచు యత్నము అమెరికాయందు 1920ల నాటినుండియు జరుగుచుండెను. 1930లో పాల్ గాల్విన్ సంస్థ సామాన్యులు కొనదగిన కారు రేడియోను ‘మోటరోలా’ యను పేర విక్రయింపసాగెను. ఆ పేరే తదుపరి సంస్థ పేరయ్యెను. 1932లో జర్మనీయందలి బ్లౌపుంక్ట్ సంస్థ ఐరోపాలో తొలి కారు రేడియోను నిర్మించెను. ఆ యంత్రములు శూన్యనాళికలతో పనిచేయునవి. బరువైనవి, వేడెక్కునవి, బ్యాటరీని పీల్చివేయునవి. 1955లో క్రైస్లర్, ఫిల్కో సంస్థలు కేవలము ట్రాన్సిస్టరులతో నడచు కారు రేడియోను వెలువరించుటతో యంత్రము చల్లబడెను, చిక్కెను. 1963లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన క్యాసెట్టు ఆ దశకము చివరికి కారులోనికి చేరెను. 1984లో కాంపాక్ట్ డిస్కు చేరెను.

దారి చూపు యంత్రము వేరొక తోవన వచ్చి రేడియోతో కలిసెను. 1981లో హోండా సంస్థ జపానునందు ‘ఎలక్ట్రో గైరోకేటర్’ అను పరికరమును అకార్డు కారునకు సమకూర్చెను. దానికి ఉపగ్రహములతో పనిలేదు. వాయుప్రవాహము ఆధారముగా మలుపును గుర్తించు గైరోస్కోపు, చక్రముల భ్రమణమును లెక్కించు సాధనము మాత్రమే కలవు. పారదర్శకమైన రేకుమీద ముద్రించిన పటమును తెరముందు దోపి, కారు ఆ పటపు అంచు దాటగానే వేరొక రేకును చేతితో మార్చవలసియుండెను. 1985లో కాలిఫోర్నియాలోని ఎటాక్ సంస్థ పటములను క్యాసెట్టులపై నిక్షేపించెను. 1990లో జపానునందే మాజ్డా సంస్థ యునోస్ కాస్మో కారునందు ఉపగ్రహాధారిత మార్గదర్శినిని కర్మాగారముననే అమర్చగా, ఆ యేడే పయొనీర్ సంస్థ అట్టి పరికరమును విడిగా కొనువారికి అందించెను. రేకు, క్యాసెట్టు, సీడీ, డీవీడీ, మెమరీ కార్డు, నేడు మొబైలు డేటా — ఇట్లు పటము వస్త్రము మార్చినట్లు రూపమును మార్చుచు వచ్చినను, రేడియోనుంచు గూటి ప్రామాణిక కొలత మాత్రము చెక్కుచెదరలేదు.

హైదరాబాదు నేపథ్యము

దారి కొలుచు విద్యకు హైదరాబాదు పరాయిది గాదు. దక్షిణాపథమును త్రిభుజములతో కొలిచిన విలియం లాంబ్టన్‌కు సహాయకుడుగా నియమితుడై జార్జ్ ఎవరెస్టు 1818లో చేరినది హైదరాబాదునందే. 1908 నాటి మూసీ వరద పిదప నగరమును పునర్నిర్మింపవలసినపుడు, లియోనార్డ్ మన్ ఆధ్వర్యమున 1912–15 నడుమ గీయబడిన మునిసిపల్ పటములు నేటికిని నగర చరిత్రకారులకు ఆధారములు. స్వాతంత్ర్యానంతరము సర్వే ఆఫ్ ఇండియా శిక్షణాలయము ఉప్పల్‌లోను, జాతీయ దూర సంవేదన కేంద్రము బాలానగర్‌లోను వెలసినవి.

ధ్వని ప్రసారమునందును ఈ నగరమునకు ప్రత్యేక చరిత్ర కలదు. నిజాము ప్రభుత్వము 1935లో స్వీకరించిన దక్కను రేడియో, 1950లో ఆకాశవాణియందు లీనమయ్యెను. 1980ల మధ్యకాలము వరకు రేడియో నుంచుకొనువారు తపాలా కార్యాలయమున లైసెన్సు పొంది, ఏటేట రుసుము చెల్లింపవలసియుండెను. అంబాసిడరు, పద్మిని కారులయందు అద్దముచెంత నిలిచిన పొడవైన కడ్డీ ఏంటెన్నా ఆనాటి గృహస్థునకు ఒక హోదాచిహ్నము. 1983 డిసెంబరున వచ్చిన మారుతి 800 తరువాత చిన్నకారుల సంఖ్య పెరిగి, రేడియో నమర్చు పనివాని కౌశలము ఒక వృత్తిగా స్థిరపడెను. కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామగ్రికిని, సికింద్రాబాదు రాణీగంజ్ మోటారు విడిభాగములకును పేరుపొందినవి. చిన్న చిన్న ‘కార్ డెకార్స్’ దుకాణములు మాత్రము ప్రతి పేటయందును కలవు.

గూడు, పరిమాణము

ఎంపికకు తొలిమెట్టు ధరపట్టిక గాదు, కొలబద్ద. జర్మను ప్రమాణమునుండి పుట్టి ‘ఐ.ఎస్.ఓ. 7736’గా అంతర్జాతీయ ప్రమాణమైన, గూటిలో అమరు యంత్రముఖపు కొలత 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. దీనిని ‘సింగిల్ డిన్’ అందురు. ఎత్తు ఇమ్మడించి 100 మిల్లీమీటర్లైనది ‘డబుల్ డిన్’. టయోటా వంటి కొన్ని వాహనములయందు వెడల్పు 200 మిల్లీమీటర్లుండును. పటము చదువదగినంత తెర రావలెనన్న డబుల్ డిన్ గూడు కావలెను. సింగిల్ డిన్ గూటిలో యంత్రము నుంచి తెరను వెలుపలికి తేలియాడునట్లు నిలుపు రకములును కలవుగాని, అవి ఏసీ గాలిరంధ్రములను గాని, హజార్డు మీటను గాని కప్పివేయునేమో ముందే చూచుకొనవలెను.

ఇటీవలి కారులలో గూడు దీర్ఘచతురస్రముగా నుండక, ముందుపలక వంపుతో కలిసిపోయి యుండును. అట్టివానికి ఆ కారు నమూనాకే ప్రత్యేకముగా పోతపోసిన ‘ఫ్రేము’ కావలెను. అంగడివాడు ‘తొమ్మిది అంగుళాల ఫ్రేము’ అనుటతో తృప్తినొందక, తన కారు తయారైన సంవత్సరమును చెప్పి, ఫ్రేమును ఖాళీగా గూటిపై నుంచి చూపుమని కోరుట మేలు. ఒకే పేరుగల కారు రెండు తరములలో రెండు విధములైన ముందుపలకలతో వచ్చుట సర్వసాధారణము. గూటి లోతును సైతము కొలువవలెను. వెనుక నున్న తీగలకట్ట ఏసీ గొట్టమునకు ఒత్తుకొన్నచో తరువాతి బాధలన్నియు అచ్చటనే అంకురించును.

మార్గదర్శన పద్ధతులు

పటమును ఎచ్చట నుంచుకొనునను విషయమున ఈ యంత్రములు మూడు తెగలు.

మొదటి తెగ యంత్రములు పటమును తమయందే, అంతర్గత స్మృతిలోనో మెమరీ కార్డులోనో నిక్షేపించుకొనును. వీనికి అంతర్జాలముతో పనిలేదు. శ్రీశైలము దారిలోని నల్లమల అడవియందు మొబైలు సంకేతము సన్నగిల్లినను ఇవి దారి తప్పవు. కాని వీని పటమును నవీకరించుటకు రుసుము చెల్లింపవలసి వచ్చును. నిర్మాత ఆ నమూనాకు పటములు వెలువరించుట మానినచో యంత్రమునందలి దారిచూపు భాగము అలంకారమాత్రమగును. జపాను దేశీయ విపణికై నిర్మింపబడి ఇచ్చటికి పాతసామానుగా చేరిన యంత్రములయందు జపాను పటములే యుండును. వానిని మార్గదర్శినులని కొనుట వ్యర్థము.

రెండవ తెగ ఆండ్రాయిడ్ స్టీరియోలు. ఇవి వాస్తవమునకు ముందుపలకలో బిగించిన పలకఫోనులు. గూగుల్ మ్యాప్స్, మ్యాపుల్స్ వంటి అనువర్తనములు ఇందు స్థాపింపబడును. ఫోను హాట్‌స్పాటునుండియో, యంత్రమందే దూర్చిన సిమ్ కార్డునుండియో డేటా వచ్చును. పటము తాజాగా నుండును, వాహనరద్దీ తెలియవచ్చును. వీనికి సామాన్యమైన లోపము నత్తనడక. రెండు జీబీ స్మృతి గల యంత్రమున పాటయు పటమును ఏకకాలమున నడచినపుడు, మలుపు దాటిన తరువాత మలుపు చెప్పుట కద్దు. పెట్టెపై ముద్రించిన స్మృతి పరిమాణమును, తెరపై ‘సెట్టింగ్స్’ చూపు అంకెను గ్రుడ్డిగా నమ్మరాదు. ఆ అంకెను హెచ్చుగా చూపునట్లు మార్చిన యంత్రములు విపణియందు కలవు.

మూడవ తెగ యంత్రములకు స్వంతబుద్ధి స్వల్పము. ఇవి ఆపిల్ కార్‌ప్లే (2014), ఆండ్రాయిడ్ ఆటో (2015) అను ఏర్పాటుల ద్వారా చేతిఫోనునందలి పటమును పెద్దతెరపై ప్రతిబింబింపజేయును. పటము ఫోనుతోడనే నవీనమగుచుండును. ఫోను మార్చినచో బుద్ధియు మారును. తెర, ధ్వని, తీగలు చెక్కుచెదరక నిలుచును. త్వరగా వాడిపోవుదానిని నిలుచుదానినుండి వేరుచేయుట ఈ తెగయందే అన్నింటికంటె స్పష్టముగా సాధింపబడినది. ఫోను మరచినను, దాని బ్యాటరీ అడుగంటినను తెర మూగబోవుట దీని లోపము.

నగరమునందే తిరుగువానికి మూడవ తెగ, ఒకే కారును పలువురు డ్రైవర్లు నడుపుచోట రెండవ తెగ, అడవిదారులలో తరచు తిరుగువానికి పటము లోపలనే యున్న మొదటి తెగ యుక్తములు. రెండవ, మూడవ తెగల వారును ప్రయాణమునకు ముందు ఆ ప్రాంతపు పటమును దింపుకొని యుంచినచో మొదటి తెగ సౌలభ్యమును కొంత పొందగలరు.

స్థలనిర్ణయము, దాని పరిమితులు

అమెరికా ప్రభుత్వపు జీపీఎస్ ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున పరిభ్రమించుచు, 1575.42 మెగాహెర్ట్జుల వద్ద సంకేతమును పంపుచుండును. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినగాని యంత్రము తానున్న చోటును నిర్ణయింపజాలదు. 2000 మే నెల వరకు ఆ ప్రభుత్వము పౌరులకందు సంకేతమును బుద్ధిపూర్వకముగా మసకబార్చెడిది. ఆ యాంక్ష తొలగిన తరువాత వీధిస్థాయి మార్గదర్శనము సుకరమయ్యెను. భారతదేశపు స్వీయవ్యవస్థయైన నావిక్ తొలి ఉపగ్రహము 2013 జూలై 1న ప్రయోగింపబడెను. తొలుత ఆ ఉపగ్రహములు ‘ఎల్5’, ‘ఎస్’ పట్టీలలో మాత్రమే ప్రసరింపజేయుటచే సామాన్య గ్రాహకములు వానిని వినలేకపోయినవి. 2023 మే 29న ప్రయోగింపబడిన ఎన్‌వీఎస్-01 నుండి ‘ఎల్1’ పట్టీయందును సంకేతము వెలువడజొచ్చెను. పెట్టెపై ‘నావిక్’ అని యున్నచో ఏ పట్టీ యని విచారించుట అందుచే నిష్ప్రయోజనము గాదు.

గల్లీలలో సంకేతము నేరుగా రాక, గోడలకు తగిలి చుట్టుదారిన వచ్చును. ఆ ఆలస్యమును దూరముగా భ్రమించిన యంత్రము కారును ప్రక్కవీధిలో చూపును. పైవంతెనలవద్ద చిక్కు మరియొక విధమైనది: ఉపగ్రహనిర్ణయమున ఎత్తు చాల అస్పష్టముగా తెలియును గనుక, మెహదీపట్నము–ఆరాంఘర్ నడుమ 11 కిలోమీటర్లకు మించి సాగు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు పోవుచున్నదో, దాని క్రింది వీధిలో పోవుచున్నదో యంత్రము తేల్చుకొనలేదు. ఇందుకు పరిహారముగా ఉత్తమ యంత్రములు గైరోస్కోపును, కారు వేగమును తెలుపు తీగను ఉపయోగించుకొనును. 1981 నాటి ఉపాయమే ఉపగ్రహమునకు తోడై తిరిగి వచ్చినదన్నమాట. ఏంటెన్నా విషయమున ఒక్క జాగ్రత్త చాలును: నల్లని ఆ చిన్న డబ్బాను ముందు అద్దము క్రింద, ఆకాశము కనబడునట్లు అంటింపవలెను గాని, పనివాడు తొందరపడి లోహపు బద్దీ వెనుకకు త్రోయరాదు.

చిరునామా సమస్య

పాతబస్తీ చిరునామాలు వార్డు, బ్లాకు, ఇంటి సంఖ్యలను గీతలతో విడదీసి వ్రాయబడును. ఒక ఇంటిస్థలము విభజింపబడిన కొలది ఏటవాలు గీతలు పెరుగును. ప్రక్కప్రక్క ఇండ్ల సంఖ్యలు వరుసగా నుండవలెనను నియమమును ఆ గీతలు పాటింపవు. అందుచేత సంఖ్యను టైపు చేసినవాడు గమ్యము చేరుట దుర్లభము. ‘యాదగిరి థియేటరు’, ‘ఒవైసీ ఆసుపత్రి’, ‘డీఎంఆర్‌ఎల్ చౌరస్తా’ వంటి గుర్తులతో వెదకుటయే ఇచ్చటి వాడుక. కొనుటకు ముందు అంగడియందే తనకు తెలిసిన మూడు గుర్తులను, అందొకటి ఉర్దూ పేరు, ఒకటి తెలుగు పేరు, ఒకటి పొట్టిపేరు, వెదకి చూచినవానికి ఆ యంత్రపు స్థానిక పాండిత్యము తెలిసిపోవును. తపాలాశాఖ, ఐఐటీ హైదరాబాదు, జాతీయ దూర సంవేదన కేంద్రముల కృషిచే రూపొంది 2025 మే 27న వెలువడిన డిజిపిన్, దేశమును సుమారు నాలుగు మీటర్ల గడులుగా విభజించి ఒక్కొక్కదానికి పది అక్షరాంకముల సంకేతము నొసగినది. ఇట్టి సంకేతములను స్వీకరింపగల పటములు వాడుకలోనికి వచ్చిన కొలది, పాతబస్తీ గృహమునకును తన చోటు తాను చెప్పుకొను యోగ్యత కలుగును.

చిరునామా దొరికినను దారి మూసియుండవచ్చును. బోనాల దినములందు లాల్ దర్వాజా పరిసరములును, మొహర్రమునాడు దబీర్‌పురా నుండి చాదర్‌ఘాట్ వరకు బీబీ కా ఆలమ్ ఊరేగింపు దారియు, వినాయక నిమజ్జనమునాడు నగరమధ్యమును వాహనములకు మూతపడును. జంట జలాశయముల గేట్లెత్తినపుడు మూసీమీద మూసారాంబాగు లోవంతెనవద్ద రాకపోకలు ఆగుట పలుమారులు జరిగినది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ జలమయమైననాడు ఏ నిక్షిప్త పటమును ఆ సంగతి నెరుగదు. ఇట్టి దినములందు ప్రత్యక్ష రద్దీ సమాచారము నందుకొను యంత్రమే కొంత ఉపయోగపడును. అదియును చౌరస్తాలో నిలిచిన పోలీసు చేతి సంజ్ఞ ముందు దిగదుడుపే.

రేడియో భాగము

తెర మోజులో పలువురు మరచునది రేడియోనే. హైదరాబాదు ఆకాశవాణి ‘ఏ’ కేంద్రము మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జులపై ప్రసారము చేయును. మన ప్రాంతమున మీడియం వేవ్ కేంద్రముల నడుమ ఎడము 9 కిలోహెర్ట్జులు, అమెరికాలో 10. అమెరికా పద్ధతిలో స్థిరపరచిన రేడియో 730నుండి 740కి దుముకును గాని, 738పై నిలువదు. ఎఫ్.ఎం. యందును ఇట్టి ఇబ్బందియే కలదు: అమెరికా పద్ధతియందు దశాంశస్థానము బేసి యంకెయై యుండును గనుక, 101.9పై ఆకాశవాణి రెయిన్‌బో కేంద్రము దొరకును గాని, 102.8పై వివిధభారతి సరిగా పట్టుబడదు. ‘రేడియో పాడైనది’ అని తిరిగి తెచ్చు యంత్రములలో కొన్నింటికి జబ్బు ఇంతమాత్రమే. ‘రీజియన్’ అమరికను మార్చినచో కుదురుకొనును. జపాను దేశీయ యంత్రములు గ్రహించు ఎఫ్.ఎం. పట్టీ వేరు, అందు మన కేంద్రములు పెక్కు పలుకవు. చవక ఆండ్రాయిడ్ స్టీరియోలు కొన్నింటిలో మీడియం వేవ్ గ్రాహకమే యుండదు; పల్లెదారులలో ఎఫ్.ఎం. అందనిచోట ఆ లోటు తెలియవచ్చును.

ధ్వని, తెర

పెట్టెలపై ‘50 వాట్లు × 4’ అని కనబడు అంకె క్షణకాలపు శిఖరమును మాత్రమే తెలుపును. పది ఆంపియర్ల ఫ్యూజు గల యంత్రము 14 వోల్టులవద్ద బ్యాటరీనుండి గ్రహింపగలది మొత్తము 140 వాట్లు. అందునుండి 200 వాట్ల ధ్వనిని ఎడతెగక పుట్టించుట ప్రకృతివిరుద్ధము. నిలుకడగా వెలువడు శక్తిని తెలుపు ‘ఆర్.ఎం.ఎస్.’ అంకెనే పోల్చవలెను. అది ఒక్కొక్క స్పీకరుకు సాధారణముగా ఇరువది వాట్ల ప్రాంతమున నుండును, కారుకు చాలును. ముందుముందు ఆంప్లిఫయరు వేయు తలంపున్నవారు వెనుక ‘ప్రీ-అవుట్’ రంధ్రములున్నవో లేవో చూడవలెను.

తెర యెంపికయందు గమనింపదగినది వేసవి. మే నెలలో మిట్టమధ్యాహ్నము ఎండలో నిలిపిన కారు ముందుపలకను చేతితో తాకలేము. తెరయు ఆ సెగనే భరింపవలెను. ప్రక్కనుండి చూచినను రంగు చెడని ‘ఐ.పి.ఎస్.’ జాతి తెరను, వెలుగుహెచ్చినదానిని గ్రహించుట యుక్తము. దుకాణపు నీడలో మిరుమిట్లు గొల్పిన తెర రోడ్డుపై నల్లపలకయగుట అరుదు గాదు. ఒక్కమారు వెలుపలికి తెచ్చి ఎండలో వెలిగింపజేసి చూడవలెను. ధ్వనిని తగ్గించు మీట తిరుగుడు గుండీయైనచో కన్ను దారినుండి మరలదు. తెరపై వ్రేలితో వెదకు మీట ప్రమాదహేతువు.

తీగలు, అమరిక

యంత్రమెంత మంచిదైనను అమరిక చెడినచో సర్వము చెడును. ప్రామాణిక వర్ణక్రమమున పసుపు తీగ బ్యాటరీనుండి నిత్యమును విద్యుత్తు నిచ్చును, ఎరుపు తీగ తాళపుచెవి త్రిప్పినపుడు మాత్రమే ఇచ్చును, నలుపు ఎర్తు, నారింజ దీపములకు సంబంధించినది, నీలి తీగ ఏంటెన్నాకును ఆంప్లిఫయరుకును. ఎరుపును తెచ్చి పసుపుతో కట్టినచో కారు నిలిచిన పిదపను యంత్రము మేలుకొనియే యుండి, కొన్నాళ్లు కదలని కారు ఒకనాటి ఉదయమున స్టార్టు కాకుండును. రెంటిని తారుమారు చేసినచో తాళము తీసినప్పుడెల్ల గడియారమును, రేడియో కేంద్రములును చెరిగిపోవును.

కారు తీగలను కత్తిరింపక, కంపెనీ తీగకట్ట చివరనున్న దిమ్మకు సరిపోవు మరియొక దిమ్మను తగిలించుటను పనివారు ‘కప్లర్ టు కప్లర్’ అందురు. దానికై కొన్ని వందలు హెచ్చైనను వెనుదీయరాదు. తీగ కోసినచో విద్యుద్భాగములపై వారంటీ వాదమునకు తావు కలుగును. టేపు చుట్టిన అతుకు వేసవిలో జారి షార్టునకు దారితీయును. స్టీరింగుపై మీటలు గల కారులకు వానిని యంత్రమునకు నేర్పు ఏర్పాటు కావలెను. క్రొత్త కారులలో, కారు సంకేతములను యంత్రమునకు అనువదించు ‘క్యాన్ బస్’ పెట్టె లేనిదే అవి పలుకవు. వెనుక కెమెరా అమర్చినచో రివర్సు దీపపు తీగనుండి సంకేతము తీయబడును. గేరు వేయగనే తెర మారుచున్నదో లేదో ఇంజను నడచుచుండగా పరీక్షింపవలెను.

చట్టము

2017 నాటి మోటారు వాహన చోదన నిబంధనలు నడుపువాడు చలనచిత్రములను వీక్షించుటను నిషేధించి, దారిపటమును చూచుటకు మాత్రము మినహాయింపు నొసగినవి. 2020 అక్టోబరు 1నుండి అమలైన సవరణ, చేతిపరికరమును సైతము ఏకాగ్రతకు భంగము గలుగనిరీతిని దారి తెలిసికొనుటకు మాత్రమే ఉపయోగింపవచ్చునని పేర్కొన్నది. హ్యాండుబ్రేకు వేయనిదే బొమ్మ రాకుండ యంత్రమున ఒక తీగ యుండును. దానిని నేరుగా ఎర్తుకు కట్టి ‘వీడియో ఫ్రీ’ చేయుదునను పనివాని ఔదార్యమును నిరాకరించుటయే వివేకము. పటముల విషయమున, 2021 ఫిబ్రవరి 15 నాటి కేంద్ర మార్గదర్శకములు భారతీయ సంస్థలకు పటరచనయందు ముందస్తు అనుమతుల బాధను తొలగించుటచే, వీధిపటములను నవీకరించుట సుకరమైనది.

పరీక్ష, పరిరక్షణ

రూకలు చెల్లించుటకు పూర్వము దుకాణమునందే చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. యంత్రమును ఆపి తిరిగి వెలిగించి, పటము తెరపైకి వచ్చుటకు పట్టు కాలమును గడియారముతో చూడవలెను. పాట, పటము, ఫోను మూడింటిని ఒక్కసారి నడపి, పిలుపు వచ్చినపుడు అవతలివానికి మాట స్పష్టముగా వినబడుచున్నదో తెలిసికొనవలెను. 738, 102.8 రెండును పట్టి చూడవలెను. దారిచెప్పు గొంతును తెలుగునకు మార్చి, పాటను పూర్తిగా ఆపక తగ్గించి పలుకుచున్నదో గమనింపవలెను. తుదకు, పటమును నవీకరించుట ఎవరి పని, ఎంత రుసుము, ఎన్నాళ్ల వరకు అని అడిగి, ఉత్తరమును బిల్లుపై వ్రాయించుకొనవలెను. ఆ ప్రశ్నకు తడబడిన విక్రేత తెర వెడల్పును గూర్చి మరల ప్రసంగింపనారంభించును.

అమరిక ముగిసిన పిమ్మట తొలగింపబడిన కంపెనీ స్టీరియోను, దాని ఫ్రేమును, మరలను పనివాని బల్లపై విడువక, పాతగుడ్డలో చుట్టి ఇంటికి కొనిపోవుట గృహస్థునకు హితము. తీగలు కోయబడలేదు గనుక, కారు అమ్ముడగునాడు అరగంటలో పూర్వస్థితిని కల్పింపవచ్చును. క్రొత్త యంత్రము అదే కొలత గల మరియొక గూటికి, మరియొక కారునకు, అప్పటికి క్రొత్తగా తెరువబడియుండు వంతెనలతో గూడిన మరియొక పటమునకు తరలిపోవును.